మా వీధికి ఎన్ని మార్కులు?

మా వీధిలోకి చెత్తబండి పొద్దున ఆరున్నరకల్లా వచ్చేస్తుంది. ముందు పాట వినిపిస్తుంది, ఆ వెనకే ఈల. బండి వెంట వచ్చే ఆమెకు నలభై ఐదేళ్లు ఉంటాయేమో. మొన్నామధ్య ఒకరోజు ఆమెతోపాటు వీధి చివరిదాకా నడిచాను. నాలుగో ఇంటి గేటు ముందు పెట్టిన బకెట్ చేతిలోకి తీసుకుంది. వెంటనే కుమ్మరించలేదు. చెవికి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు కుదిపింది. "ఏం చూస్తున్నావమ్మా?" అని అడిగాను. "గాజుపెంకులుంటే గలగలమంటాయి సార్. ఆ చప్పుడు లేదంటేనే చెయ్యి పెడతా" అంది.

ఆ రోజు చప్పుడైంది. పైన రాత్రి మిగిలిన సాంబారన్నం, దాని కింద పసిబిడ్డ డైపరు, పాల ప్యాకెట్లు, కరివేపాకు పుల్లలు, అన్నిటికంటే అడుగున పగిలిన గ్లాసు ముక్కలు. పక్కనున్న కొబ్బరిపుల్ల తీసుకుని ఒక్కొక్కటే పైకి లాగింది. ఒక చేతికే గ్లౌజు ఉంది. రెండోది ఏదమ్మా అంటే, రెండూ వేసుకుంటే బకెట్ జారిపోతోందట. గ్లౌజు లేని చేతి చూపుడు వేలి మీద మానిన గాట్లు రెండు కనపడ్డాయి.

ఆ ఇంటివాళ్లు చదువుకున్నవాళ్లే, మర్యాదస్తులే. ఆ ఇంటి ప్రహరీ మీద పెద్ద పెద్ద రంగుల అక్షరాలతో, మన పట్టణాన్ని దేశంలో మొదటి స్థానంలో నిలబెడదాం అని రాసి ఉంది. ఆ రాతకూ ఆ బకెట్‌కూ మధ్య రెండు అడుగుల దూరం కూడా లేదు. ఆ రెండడుగుల గురించే ఇవాళ మీతో మాట్లాడదామనుకుంటున్నాను.

ఊళ్లకు పరిశుభ్రతలో పోటీ పెట్టి మార్కులు వేయడం మన దేశంలో పెద్ద ఎత్తున మొదలై పదేళ్లు. 2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. 2016లో మొదటి స్వచ్ఛ సర్వేక్షణ్ జరిగింది. అప్పుడు బరిలో ఉన్నవి 73 నగరాలు. మైసూరు మొదటి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడు 434 ఊళ్లు, 2018 నాటికి 4 వేలు దాటాయి. అంటే మహానగరాలే కాదు, పాతిక వార్డుల చిన్న మునిసిపాలిటీ కూడా దేశం మొత్తం ముందు తన మార్కులు చూసుకోవలసిన రోజు వచ్చింది. నా దృష్టిలో ఇది మంచి మలుపు. అంతకుముందు ఒక మునిసిపల్ కమిషనర్ పనితనాన్ని రోడ్లతో, పన్నుల వసూళ్లతో కొలిచేవారు. చెత్త అన్నది శానిటరీ ఇన్‌స్పెక్టర్ చూసుకునే సంగతి. ర్యాంకులు వచ్చాక అది పత్రికల్లో మొదటి పేజీకెక్కింది.

మన ఊళ్లు ఈ పోటీలో బాగానే రాణించాయి. 2017లో విశాఖపట్నం దేశంలో మూడో స్థానంలో నిలిచింది. విజయవాడ 2020లో నాలుగు, 2021లో మూడు. తిరుపతి ఏటా వచ్చిపోయే లక్షల మంది యాత్రికుల బరువు మోస్తూ కూడా పలుమార్లు మొదటి పదింట్లో ఉంది. 2024 సర్వేక్షణ్ ఫలితాలు 2025 జూలైలో వచ్చాయి. ఎప్పుడూ ముందుండే ఊళ్లను వేరుచేసి, ఆ సారి ఒక ప్రత్యేక వరుస పెట్టారు. అందులో జనాభాను బట్టి ఒక్కో తరగతిలో విజయవాడ, గుంటూరు, తిరుపతి చోటు సంపాదించాయి. ఇలా వేరుచేయడం మంచి ఆలోచన. ఏటా ఇందోరే గెలుస్తుంటే, నూట ఇరవయ్యో స్థానంలో ఉన్న ఊరు మనకెందుకొచ్చిన పోటీ అని చేతులెత్తేస్తుంది. బడిలో మొదటి బెంచీ పిల్లవాణ్ని పక్కకు తీసి కూర్చోబెడితే, వెనక బెంచీ వాడికి ఆశ పుడుతుంది.

ఇందోరు పేరు వచ్చింది కాబట్టి దాని సంగతీ చెప్పుకోవాలి. 2016 పోటీలో ఆ నగరం స్థానం 25. మరుసటి ఏడే మొదటి స్థానం, ఆ తర్వాత ఏళ్లపాటు ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు. ఒక్క ఏడాదిలో వాళ్లేం చేశారు? వీధి మూలల్లో చెత్తకుండీలు ఎత్తేశారు. ప్రతి ఇంటికీ రోజూ బండి పంపారు. బండి వెళ్లిందా లేదా అని పై అధికారులే పొద్దున్నే వీధుల్లో తిరిగి చూశారు. చెత్తను ఇంటి దగ్గరే విడదీయించారు. దేవగురాడియా దగ్గర దశాబ్దాల తరబడి పేరుకున్న లక్షల టన్నుల పాత చెత్తను తవ్వి, జల్లించి, ఆ స్థలం ఖాళీ చేశారు. 2022 ఫిబ్రవరిలో రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటు మొదలైంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అన్ని కోట్ల ప్లాంటు నడవాలంటే దానికి కావలసింది శుద్ధమైన తడి చెత్త. అందులో ప్లాస్టిక్ కవరు, గాజు, డైపరు కలిస్తే గ్యాసూ రాదు, మిగిలిన పిప్పి ఎరువుగానూ పనికిరాదు. తిరిగి తిరిగి మళ్లీ మా వీధి నాలుగో ఇంటి బకెట్ దగ్గరికే వస్తాం.

మన పట్టణాల చెత్తలో సుమారు సగం తడి చెత్తే. కూరగాయల తొక్కలు, అన్నం, పూలు, ఆకులు. విడిగా ఉంటే నలభై యాభై రోజుల్లో నల్లటి ఎరువైపోతుంది. పొడి చెత్తతో కలిసి డంపింగ్ యార్డుకు చేరిందా, గాలి ఆడక కుళ్లి మీథేన్ పుట్టిస్తుంది. ఆ వాయువే ఎండాకాలం యార్డుల్లో మంటలకు కారణం. అడుగున ఊరే నల్లటి నీరు చుట్టుపక్కల ఊళ్ల బోరుబావుల్లోకి దిగుతుంది. యార్డు పక్కన కాపురం చేసేవాళ్లు ఎవరో మనకు తెలుసు. వాళ్లెవరూ ఆ చెత్త పుట్టించినవాళ్లు కారు.

పోటీ లేని రోజుల్లో ఊళ్లు బాగుపడలేదా అని ఎవరైనా అడగవచ్చు. పడ్డాయి. 1994 సెప్టెంబర్‌లో సూరత్‌లో ప్లేగు భయం లేచినప్పుడు లక్షల మంది మూటాముల్లే సర్దుకుని రైళ్లెక్కారు. మరుసటి ఏడు మే నెలలో అక్కడికి మునిసిపల్ కమిషనర్‌గా వచ్చినాయన సూర్యదేవర రామచంద్రరావు, ఎస్.ఆర్. రావుగా అందరికీ తెలిసిన ఐ.ఏ.ఎస్. అధికారి. ఆయన అధికారాలను జోన్లకు పంచిపెట్టి, అధికారులందరినీ రోజూ పొద్దున వీధుల్లోకి దింపారు. ఏడాదిన్నర తిరిగేసరికి అంత అపకీర్తి మూటగట్టుకున్న సూరత్, దేశంలో చండీగఢ్ తర్వాత శుభ్రమైన నగరమని పేరు తెచ్చుకుంది. మన సూర్యాపేట కూడా 2000 నాటి చెత్త నిర్వహణ నియమాలు వచ్చిన కొద్ది ఏళ్లకే కుండీలు తీసేసి, ఇంటింటి సేకరణ పెట్టి, వానపాములతో ఎరువు చేసి చూపించింది. ఇతర ఊళ్ల నుంచి పనిగట్టుకుని వచ్చి చూసి వెళ్లేవారు. అయితే సూరత్‌ను కదిలించింది ప్రాణభయం, సూర్యాపేటను కదిలించింది ఒక కమిషనర్ పట్టుదల. ప్రతి ఊరికీ ప్లేగు రావాలని కోరుకోలేం. ప్రతి ఊరికీ అలాంటి కమిషనర్ దొరకడు, దొరికినా రెండేళ్లకు బదిలీ అవుతాడు. భయం లేకుండా, మనిషి మారినా ఆగకుండా ఊరిని నడిపించేది పోటీ. అందుకే పోటీ కావాలంటాను.

కానీ ఇప్పుడున్న పోటీలో ఒక లోటు ఉంది. దాన్ని దాచిపెట్టి మాట్లాడితే మీకు నిజం చెప్పినట్టు కాదు.

ఒకసారి బంధువుల ఇంటికి ఒక పట్టణం వెళ్లాను. ఆ ఊరి పేరు చెప్పను. అప్పుడక్కడ సర్వే రోజులు. మెయిన్ రోడ్డు డివైడర్లకు నలుపూ పసుపూ రంగులు, వంతెన గోడల మీద నెమళ్లు, తామరపూలు. బాగానే ఉన్నాయి. సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు తలుపు తట్టి, "అంకుల్, ఒకసారి మీ ఫోన్ ఇవ్వండి" అన్నారు. ఊరి గురించి అభిప్రాయం నమోదు చేయాలట. మా బావగారు ఇచ్చారు. ప్రశ్నలు ఆయనకు చదివి వినిపించలేదు. వాళ్లే టకటకా నొక్కి, ఓటీపీ అడిగి తీసుకుని, థాంక్స్ అంకుల్ అని పక్కింటికి వెళ్లిపోయారు. ఆ ఇంటి వెనక మురుగు కాలువలో ప్లాస్టిక్ సంచులు గట్టుకు పైగా తేలుతున్నాయి. ఆ కుర్రాళ్ల తప్పేం లేదు, పైనుంచి రోజుకు ఇన్ని అని లెక్క పెట్టి పంపారు. మా బావగారి తప్పు మాత్రం ఉంది. ఆయన అభిప్రాయం ఆయన చెప్పుకోవలసింది.

ఇలా ఎందుకు జరుగుతుంది? ర్యాంకు ఊరికి వస్తుంది, ఊరు మొత్తానికి. ఊరు మొత్తానిది అంటే ఎవరిదీ కాదన్నమాట. ర్యాంకు వస్తే వేదిక మీద జ్ఞాపిక అందుకునేది మేయరు, కమిషనరు. పోతే చీవాట్లు తినేదీ వాళ్లే. కాబట్టి పోటీ వేడి వాళ్లకు తగిలినంతగా మా నాలుగో ఇంటికి తగలదు. పోటీ వీధి దాకా దిగి రావాలి. నా మాట అంతా ఈ ఒక్కటే.

ఇది కొత్తగా కనిపెట్టవలసింది కాదు. మన వరంగల్‌లోనే జరిగింది, అదీ స్వచ్ఛ భారత్‌కు రెండేళ్ల ముందు. 2012 అక్టోబర్‌లో వారం రోజులపాటు అక్కడ క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ పేరుతో ఒక పోటీ పెట్టారు. ఆటల పోటీలాగే. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఇతర పురపాలక సంఘాల నుంచి బృందాలు వచ్చాయి. ఒక్కో బృందానికి నగరంలో కొంత ప్రాంతం అప్పగించారు. ఆ ఇళ్లకు వెళ్లడం, తడి వేరు పొడి వేరు అని చెప్పడం, చెత్త విడిగా తీసుకోవడం వాళ్ల పని. ఎవరు ఎక్కువ ఇళ్ల చేత విడదీయించగలిగారన్నదే అసలు పోటీ. ఆ పోటీతో వరంగల్ ఇంటింటి సేకరణకు దేశం దృష్టిలో పడింది. వచ్చిన బృందాలు తమ ఊళ్లకు తిరిగి వెళ్తూ పని నేర్చుకుని వెళ్లాయి.

అందులో నాకు నచ్చినది చెబుతాను. ప్రతి బృందానికీ తన ఇళ్లేవో తెలుసు. ఫలానా వీధి, ఫలానా వరుస. మార్కులు తగ్గితే ఏ గుమ్మం దగ్గర తగ్గాయో తెలుస్తుంది. మరునాడు ఆ గుమ్మం ముందు ఇంకాసేపు నిలబడి నచ్చజెప్పవచ్చు. పేరూ ముఖమూ ఉన్న చోట సిగ్గు ఉంటుంది, పట్టుదల ఉంటుంది. వారం రోజులు గడిచాక ఆ వేడి నిలబెట్టుకోవడం వేరే సంగతి, దానికి రోజువారీ కాపలా కావాలి. కానీ వారం రోజుల్లో జనం మారగలరని అక్కడ రుజువైంది. జనానికి చెప్పినా వినరండీ అనే మాట నేను ఇక నమ్మను.

సముద్రాలకు అవతల ఒక ఉదాహరణ ఉంది. ఐర్లాండ్‌లో టైడీ టౌన్స్ అనే పోటీ 1958లో మొదలైంది. మొదటి ఏడు 52 ఊళ్లు పేర్లిచ్చాయి. గ్లెంటీస్ అనే చిన్న ఊరు గెలిచింది. ఆ పోటీ ఇప్పటికీ ఏటా నడుస్తోంది. పోటీకి పేరిచ్చేది అక్కడి పురపాలక కార్యాలయం కాదు, ఊళ్లో స్వచ్ఛందంగా ఏర్పడిన సంఘం. పరీక్షించేవాళ్లు ముందుగా కబురు పెట్టకుండా వేసవిలో ఏదో ఒక రోజు వచ్చి చూసి వెళ్తారు. రంగులు వేసుకునే వ్యవధి దొరకదు. ఆపైన మార్కులతోపాటు ప్రతి ఊరికీ రాతపూర్వకంగా ఒక నివేదిక పంపుతారు. ఫలానా వీధిలో చెట్లు బాగున్నాయి, ఫలానా సందు వెనక పాడుబడిన స్థలం చూసుకోండి, పోయిన ఏడు చెప్పింది చేశారు, సంతోషం అని. గెలవని ఊరికి కూడా వచ్చే ఏడు చేయవలసిన పని చేతికందుతుంది. పక్క ఊరితో పోల్చుకోవడంకంటే పోయినేటి తమ మార్కులతో పోల్చుకోవడం ముఖ్యమైపోతుంది. అరవై ఏళ్లు దాటినా ఆ పోటీ వాడిపోకపోవడానికి ఇదే కారణమని నా నమ్మకం.

ఇవన్నీ మన వార్డుకు తెచ్చుకుంటే ఎలా ఉంటుంది?

మీ పట్టణంలో ముప్పై వార్డులున్నాయనుకోండి. నెలకొకసారి, తేదీ చెప్పకుండా, పక్క వార్డు మహిళా సంఘాలను చూసుకునే మెప్మా ఆర్పీ, ఒక బడి మాస్టారు, ఒక పారిశుద్ధ్య మేస్త్రీ కలిసి మీ వీధికి వస్తారు. బండి వచ్చే వేళకే వస్తారు. గోడల మీద బొమ్మలు చూడరు. వంద ఇళ్లలో ఎన్ని ఇళ్ల తడి చెత్త విడిగా ఉందో లెక్కపెడతారు. రాసుకుంటారు. ఆ అంకెను వార్డు కార్యాలయం ముందు బోర్డు మీద సుద్దతో రాస్తారు. పోయిన నెల నలభై రెండు, ఈ నెల యాభై ఒకటి. ఇంతే. దీనికి యాప్ అక్కర్లేదు, కన్సల్టెంటు అక్కర్లేదు. వీధి పేరుతో బోర్డు మీద అంకె కనపడితే, పాలకు వెళ్లినప్పుడు, గుడి దగ్గర, బడి గేటు దగ్గర నలుగురూ మాట్లాడుకుంటారు. ఆ మాటే పని చేస్తుంది.

ఇంకో రెండు అంశాలకు కూడా మార్కులుండాలంటాను. మొదటిది పారిశుద్ధ్య కార్మికుల స్థితి. జీతం నెల మొదటి వారంలో పడిందా, పి.ఎఫ్., ఈ.ఎస్.ఐ. కడుతున్నారా, పట్టు జారని గ్లౌజులు ఇచ్చారా. కార్మికురాలి వేలికి గాటు పడిన వార్డుకు, తక్కిన వీధులు అద్దంలా మెరిసినా సరే, ఆ నెల మొదటి బహుమతి ఇవ్వకూడదు. రెండోది విడదీసిన చెత్త చివరిదాకా విడిగానే వెళ్లిందా అన్నది. ఇంట్లో రెండు బుట్టల్లో వేసిన చెత్తను బండిలో ఒకే గుట్టగా పోయడం నేను కళ్లారా చూశాను, మీరూ చూసే ఉంటారు. అది ఒక్కసారి చూసిన గృహిణి మరుసటి రోజు నుంచి విడదీయదు. ఆమెను తప్పు పట్టలేం. హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ పచ్చ, నీలం బుట్టలు పంచారు. వాటిలో చాలా బుట్టలు నీళ్లకూ ఉల్లిపాయలకూ వాడుకలోకి వచ్చాయి. బుట్ట ఇచ్చినంత సులువుగా నమ్మకం ఇవ్వలేమని అప్పుడు తెలిసింది.

నమ్మకం కుదిరిన చోట చిన్న ఊళ్లు పెద్ద నగరాలను దాటేశాయి. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌కు మహానగరాలకున్న డబ్బూ యంత్రాలూ లేవు. స్వయం సహాయక సంఘాల మహిళలు ఇంటింటికీ వెళ్లి చెత్త తెచ్చి, కేంద్రాల్లో కూర్చుని రకరకాలుగా వేరు చేసి, అమ్మదగినది అమ్ముతారు. ఒకప్పుడు చెత్తకుప్ప ఉన్న చోట ఇప్పుడు ఉద్యానవనం ఉంది. 2019 సర్వేక్షణ్‌లో ఆ ఊరు దేశం మొత్తం మీద ఇందోరు తర్వాత రెండో స్థానంలో నిలబడింది. మన సిద్దిపేటలో స్వచ్ఛబడి పేరుతో ఒక బడే నడుస్తోంది. జనం అక్కడికి వెళ్లి చెత్త ఎలా ఎరువవుతుందో చేత్తో పట్టుకుని చూడవచ్చు. అక్కడి స్టీల్ బ్యాంకు గురించి విన్నప్పుడు నాకు ఎంత ముచ్చటేసిందో. పెళ్లికో పేరంటానికో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు కొనకుండా, స్టీలు కంచాలూ గ్లాసులూ అక్కణ్నుంచి తెచ్చుకుని వాడుకుని తిరిగి అప్పగిస్తారు. మా చిన్నప్పుడు ఊళ్లో పెళ్లి సామాను ఇలాగే గుళ్లోంచో పెద్ద కుటుంబం దగ్గర్నుంచో వచ్చేది. పాత అలవాటే, పట్టణానికి తగినట్టు మళ్లీ మొలకెత్తింది.

మన ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేస్తారు. ఇంతటి శుభ్రత మన రక్తంలో ఉంది. అయితే ఊడ్చిన చెత్త ఎక్కడికి పోతోంది? గేటు దాటి రోడ్డు మీదికి, లేదా పక్కనున్న ఖాళీ స్థలంలోకి. మన గడప లోపలిదే ఇల్లు, బయటిది ఎవరిదో అనుకోవడం మనకు తరాల నుంచి పట్టుకున్న అలవాటు. ఆ గీతను ఒక్క పదడుగులు ముందుకు జరపాలి. వీధి చివరి దాకా మన వాకిలే అనుకోవాలి. దానికి పోటీని మించిన ఉపాయం నాకు కనపడటం లేదు, ఎందుకంటే వాకిలి విషయంలో మనవాళ్లకు పోటీ బాగా అలవాటు.

సంక్రాంతికి వార్డు వార్డునా ముగ్గుల పోటీలు పెడతాం. ఇంటింటికీ తిరిగి మార్కులు వేసి, కుంకుమ భరిణెలూ చీరలూ బహుమతిగా ఇస్తాం. ఆ పోటీ నిర్వహించే మహిళా సంఘాలకు, కాలనీ సంఘాలకు, కౌన్సిలర్లకు ఈ రేడియో ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. ఈసారి ముగ్గు చూసిన తర్వాత, అదే గుమ్మం పక్కనున్న చెత్తబుట్టల మూతలు కూడా తీసి చూడండి. తడి వేరుగా, పొడి వేరుగా ఉందా, గాజుపెంకు ఉంటే కాగితంలో చుట్టి విడిగా పెట్టారా చూడండి. సగం మార్కులు ముగ్గుకు, సగం మార్కులు బుట్టలకు వేయండి. ఆ మార్కులు వేసేవారిలో ఒకరిగా, మీ వీధికి రోజూ పొద్దున వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలిని కుర్చీ వేసి కూర్చోబెట్టండి.